ఫ్లోరిడా గంజాయి ప్రతిపాదన: 55.9 శాతం మంది ఒప్పుకున్నా ఓడిపోవడం సబబేనా?

టాంపా_వేణు | 2024 నవంబర్ 9

మొన్న మంగళవారం ఫ్లోరిడాలో ట్రంప్‌కు 56.1 శాతం ఓట్లు వచ్చాయి. పత్రికలన్నీ దానిని తిరుగులేని గెలుపుగా వర్ణించాయి. అదే బ్యాలెట్ మీద ఉన్న మూడవ సవరణకు 55.9 శాతం వచ్చాయి. అది ఓడిపోయింది. 21 ఏళ్లు నిండినవారు వైద్యుని సిఫారసుతో పని లేకుండా మూడు ఔన్సుల వరకు, అంటే దాదాపు 85 గ్రాముల గంజాయిని కొనుక్కోవచ్చునని, తమ దగ్గర ఉంచుకోవచ్చునని చెప్పిన సవరణ అది. రాజ్యాంగ సవరణకు మన రాష్ట్రంలో 60 శాతం కావాలన్న సంగతి ఓటు వేసేటప్పుడే నాకు తెలుసు. అయినా 59 లక్షల పైచిలుకు మంది కావాలన్న దానిని, వారికంటె పది లక్షలకు పైగా తక్కువగా ఉన్నవారు ఆపగలగడం నాకు మింగుడు పడడం లేదు.

నేను అనుకూలంగానే ఓటు వేశాను. గంజాయి మంచిదని కాదు, నా ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. 20 గ్రాముల లోపు దొరికినా ఏడాది వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా వేయగల చట్టం ఇక్కడ ఉంది. ఆ పరిమాణం దాటితే అది పెద్ద నేరమే అవుతుంది. పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం, వాడకం దాదాపు సమానంగానే ఉన్నా, దేశం మొత్తం మీద గంజాయి దగ్గర ఉన్నందుకు నల్లజాతివారు అరెస్టయ్యే అవకాశం తెల్లవారికంటె మూడున్నర రెట్లు పైగా ఉంది. నా ఓటు ఆ అరెస్టులకు వ్యతిరేకంగా వేసిన ఓటు. ఈ 60 శాతం నియమాన్ని సమర్థించేవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, వారి కారణాలను వివరంగా వినాలని ఉంది.

రాజ్యాంగ_పాఠకుడు | 2024 నవంబర్ 9

వేణు గారూ, సమర్థించే ముందు ఆ నియమం పుట్టిన కథ చెబుతాను. దానిలో ఉన్న తమాషా చాలామందికి తెలియదు. 60 శాతం కావాలన్న నియమాన్ని 2006లో ఓటర్లే ఆమోదించారు. ఆ ప్రతిపాదన సంఖ్య కూడా మూడే, దానికి వచ్చిన ఓట్లు 58 శాతం కంటె కొద్దిగా తక్కువ. అంటే తాను పెట్టిన గీతను తానే దాటలేని సవరణ అది. అప్పటికి సాధారణ ఆధిక్యం సరిపోయేది కాబట్టి అమలులోకి వచ్చింది.

అలాంటి నియమం ఎందుకు అవసరమని అనుకున్నారంటే, 2002లో గర్భంతో ఉన్న పందులను కదలలేనంత ఇరుకు బోనుల్లో ఉంచరాదని ఫ్లోరిడా ఓటర్లు రాజ్యాంగంలోనే వ్రాయించారు. పందుల మీద జాలి చూపడం తప్పని ఎవరూ అనలేదు కాని, అది రాజ్యాంగంలో ఉండవలసిన విషయమా అన్న ప్రశ్న చాలా కాలం నడిచింది. ఫ్లోరిడాలో ప్రజలు సంతకాలు సేకరించి మామూలు చట్టాన్ని తీసుకురావడానికి మార్గం లేదు. ఉన్నది రాజ్యాంగ సవరణ మార్గం ఒక్కటే. అందువల్ల పందుల బోనులైనా, కనీస వేతనమైనా, గంజాయి అయినా రాజ్యాంగంలోకే వెళ్లాలి, ఒకసారి వెళ్లిన దానిని తొలగించాలంటే మళ్లీ 60 శాతం కావాలి. చేర్చడం కష్టంగా ఉండాలనడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇదే.

పైగా 60 శాతం అందని ఎత్తు కాదు. వైద్య అవసరాలకు గంజాయిని అనుమతించే సవరణ 2014లో 57.6 శాతంతో ఓడి, రోగాల జాబితాను, నిబంధనలను స్పష్టం చేసుకుని 2016లో తిరిగి వచ్చి 71 శాతంతో గెలిచింది. శిక్ష ముగించుకున్నవారికి ఓటు హక్కు తిరిగి ఇచ్చే సవరణ 2018లో గెలిచింది, గంటకు 15 డాలర్ల కనీస వేతనం 2020లో 60.8 శాతంతో ఒడ్డెక్కింది. ఓడిన ప్రతిపాదన కొలబద్దను నిందించే ముందు తన ముసాయిదాను ఒకసారి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పద్మజ_ఒర్లాండో | 2024 నవంబర్ 9

నేను వ్యతిరేకంగా ఓటు వేశాను. వృత్తిరీత్యా ఫార్మసిస్టును. ఈ రాష్ట్రంలో ఎనిమిది లక్షలకు పైగా మందికి వైద్య గంజాయి కార్డులు ఉన్నాయి, కీమోథెరపీ వాంతులకు, మూర్ఛకు, దీర్ఘకాలిక నొప్పికి దానిని వాడుతున్నవారితో నేను తరచు మాట్లాడుతూ ఉంటాను. కాబట్టి గంజాయి అనగానే ఉలిక్కిపడే మనిషిని కాను.

నా అభ్యంతరం ఇప్పుడు అమ్ముతున్న సరుకు మీద. 1970ల నాటి ఎండు ఆకుకూ, నేటి దుకాణాలలో దొరికే గాఢమైన నూనెలకూ, మైనపు ముద్దలకూ పోలిక లేదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ పాళ్లు గంజాయి నుంచి తీసిన కొన్ని సారాలలో 70, 80 శాతం దాటుతాయి. అంత గాఢమైనదానిని రోజూ వాడేవారిలో, ముఖ్యంగా చిన్న వయసులో మొదలుపెట్టినవారిలో, మతిభ్రమణ లక్షణాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఏళ్ల తరబడి వాడినవారికి ఆగని వాంతులు పట్టుకునే జబ్బు ఒకటి ఉంది. వేడినీళ్ల స్నానం చేస్తే తాత్కాలికంగా తగ్గుతుంది కనుక రోగులు గంటల తరబడి స్నానాల గదిలోనే ఉంటారు, కారణం గంజాయేనని చెబితే నమ్మరు. తినే రకాల సంగతి వేరు. పొగ పీలిస్తే నిమిషాలలో తెలుస్తుంది, గంజాయి కలిపిన గమ్మీ అనే జెల్లీ మిఠాయి తింటే గంట, రెండు గంటల వరకు ఏమీ తెలియదు, పని చేయలేదనుకుని ఇంకొకటి తింటారు. ఇంట్లో ఆ డబ్బా చేతికందే చోట ఉంటే పసివాళ్లకు అది మిఠాయే.

మన సవరణలో గాఢత మీద పరిమితి ఏదీ లేదు. మూడు ఔన్సులలో సారం రూపంలో ఐదు గ్రాములకు మించకూడదన్నారు, అంతే.

డెన్వర్_వాసి | 2024 నవంబర్ 10

కొలరాడోలో 2012 నుంచి దీనితో బ్రతుకుతున్నవాడిగా నాలుగు మాటలు చెబుతాను. ఆ ఏడాది నవంబరులో మా 64వ సవరణ, వాషింగ్టన్ రాష్ట్రంలోని 502వ ప్రతిపాదన ఒకే రోజు గెలిచాయి, రెండింటికీ 55 శాతం చిల్లర ఓట్లు వచ్చాయి. అంటే ఫ్లోరిడా కొలబద్ద ఇక్కడ ఉండి ఉంటే, అమెరికాలో గంజాయి దుకాణాల కథ ఆ రోజు మొదలయ్యేదే కాదు. అప్పటి మా గవర్నరు హికెన్‌లూపర్ దానిని వ్యతిరేకించారు, ఓటర్లు గెలిపించాక అమలు చేసే బాధ్యత ఆయన నెత్తినే పడింది.

2014 జనవరి 1న దుకాణాలు తెరిచారు. టోకు ధర మీద 15 శాతం సుంకంలో ఏటా మొదటి నాలుగు కోట్ల డాలర్లు బడి భవనాల నిర్మాణానికి పోవాలని సవరణలోనే వ్రాశారు. "బడులకు డబ్బు" అన్న ఆ ఒక్క మాటే చాలామంది తల్లిదండ్రులను ఒప్పించింది. ఇప్పటివరకు రాష్ట్రానికి వచ్చిన పన్ను రెండు వందల కోట్ల డాలర్లు దాటింది. వినడానికి గొప్పగా ఉంటుంది కాని, మా రాష్ట్ర మొత్తం బడ్జెట్టు పక్కన పెట్టి చూస్తే అది చిన్న భాగమే. పైగా అమ్మకాలు 2021లో పతాక స్థాయికి చేరి, ఆ తరువాత పడిపోతూ వచ్చాయి. చుట్టుపక్కల రాష్ట్రాలు కూడా అనుమతించాక మా దుకాణాలకు బయటివారు రావడం తగ్గింది. కనుక గంజాయి పన్నుతో రాష్ట్రం నడుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పద్మజ గారు చెప్పిన తినే రకాల ప్రమాదం మాకు మొదటి ఏడాదే అనుభవమైంది. సవరణ గెలిచాక ఒక్కొక్క ముక్కలో పది మిల్లీగ్రాములు, ఒక్కొక్క పొట్లంలో వంద మిల్లీగ్రాములు మించరాదన్న నిబంధన, పిల్లలు తెరవలేని డబ్బాలు, పండ్ల ఆకారాల మీద, జంతువుల ఆకారాల మీద నిషేధం వచ్చాయి. ఇవేవీ సవరణలో ఉన్నవి కావు, తరువాత శాసనసభ, పర్యవేక్షణ సంస్థ చేర్చినవి. వాహనం నడిపేవారి విషయం మాత్రం ఇప్పటికీ తేలలేదు. రక్తంలో మిల్లీలీటరుకు ఐదు నానోగ్రాముల టీహెచ్‌సీ ఉంటే మత్తులో ఉన్నట్టు భావించవచ్చునని మా చట్టం అంటుంది. మద్యం లాగా అది గంటల లెక్కన దిగిపోయే పదార్థం కాదు, రోజూ వాడేవాడి రక్తంలో మత్తు దిగాక కూడా నిలిచి ఉంటుంది. కాబట్టి ఆ అంకెను బట్టి నిజంగా మత్తులో ఉన్నదెవరో చెప్పడం కష్టం.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. మా సవరణ ఊళ్లకు వద్దనే హక్కు ఇచ్చింది. రాష్ట్రంలో రెండవ పెద్ద నగరమైన కొలరాడో స్ప్రింగ్స్ పన్నెండేళ్లపాటు వైద్యేతర అమ్మకాలను అనుమతించలేదు, ఈ మంగళవారమే అక్కడి ఓటర్లు సరేనన్నారు. రాష్ట్రం మొత్తానికి ఒకే ఓటు అన్నా, దుకాణం మీ వీధిలో ఉండాలా వద్దా అన్నది మళ్లీ మీ ఊరివారే తేల్చుకోవచ్చు.

గోదావరి_గట్టు | 2024 నవంబర్ 10

ఫ్లోరిడా ప్రచారానికి పెట్టుబడి పెట్టినదెవరో ఇంతవరకు ఎవరూ అనలేదేమి? ఆ రాష్ట్రంలో వైద్య గంజాయి అమ్మే సంస్థలలో అతి పెద్దదైన ట్రూలీవ్ ఒక్కటే 14 కోట్ల డాలర్లకు పైగా పోసింది. దుకాణదారుడే చట్టం వ్రాయించి, తానే సంతకాలు చేయించి, తానే టీవీ ప్రకటనలు వేయించుకుంటే దానిని ప్రజల ప్రతిపాదన అని ఎలా పిలవాలి? ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకునే వీలు కూడా ఆ సవరణలో లేదు. ఎందుకు లేదో ఊహించుకోవడానికి పెద్ద తెలివి అవసరం లేదు.

టాంపా_వేణు | 2024 నవంబర్ 10

గోదావరి గట్టు గారి విమర్శలో నిజం ఉంది. అయితే రెండవ వైపు కూడా చూడాలి. గవర్నరు డిశాంటిస్ ఊరూరా తిరిగి దీనికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు, ప్రభుత్వ శాఖల పేర్లతో గంజాయి హాని గురించిన ప్రకటనలు ఎన్నికల ముందే టీవీల్లో వచ్చాయి, చికాగో నుంచి మయామీకి మారిన పెట్టుబడిదారుడు కెన్ గ్రిఫిన్ వ్యతిరేక ప్రచారానికి 1.2 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఈ పోటీలో ఎవరూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆపైన 8,91,523 చెల్లుబాటయ్యే సంతకాలు కావాలి, అవి రాష్ట్రంలోని 28 కాంగ్రెస్ నియోజకవర్గాలలో సగమైనా వాటి నుంచి రావాలి. అంత పని కోట్లు లేని సామాన్య పౌరులకు సాధ్యమా? కంపెనీ రాకపోతే ఈ ప్రశ్న మన ముందుకే వచ్చేది కాదు.

కొలంబస్_లలిత | 2024 నవంబర్ 10

ఒహాయోలో మేము ఈ కంపెనీల సమస్యను ముందే చూశాము. 2015లో మా ముందుకు వచ్చిన మూడవ ప్రతిపాదన ప్రకారం, రాష్ట్రంలో వ్యాపారం కోసం గంజాయిని పెంచే హక్కు ముందే నిర్ణయించిన పది స్థలాలకు మాత్రమే దక్కేది, ఆ స్థలాలు ప్రచారానికి డబ్బు పెట్టినవారివే. ఆ గుత్తాధిపత్యాన్ని రాజ్యాంగంలోకి ఎక్కించాలని చూశారు. గంజాయికి అనుకూలమైనవారిలో కూడా చాలామంది దానిని వ్యతిరేకించారు, దాదాపు 64 శాతం వ్యతిరేక ఓట్లతో అది కూలిపోయింది.

2023 నవంబరులో వచ్చిన రెండవ ప్రతిపాదన వేరు. రెండున్నర ఔన్సుల పరిమితి, పది శాతం ప్రత్యేక పన్ను, ఒక్కొక్కరికి ఆరు మొక్కలు, ఇంటికి పన్నెండు మించకుండా పెంచుకునే హక్కు. దీనికి 57 శాతం వచ్చాయి. ఒహాయోలో సాధారణ ఆధిక్యం చాలు కాబట్టి గెలిచింది. ఫ్లోరిడాకు దొరకని సౌకర్యం ఇంకొకటి మాకు ఉంది: ఇది రాజ్యాంగ సవరణ కాదు, మామూలు చట్టం. ఈ ఆగస్టు 6 నుంచి దుకాణాలలో పెద్దలకు అమ్మకాలు మొదలయ్యాయి.

మామూలు చట్టం కావడం వల్ల మేలు ఉంది, ముప్పు కూడా ఉంది. గాఢత ఎంత ఉండాలి, ప్రకటనలు ఎలా ఉండాలి అన్న వివరాలను అనుభవం మీద సవరించుకోవచ్చు, అది మేలు. ముప్పు ఏమిటంటే, ఓట్ల లెక్కింపు ముగిసిన మరునాటి నుంచే మా సెనేటు సభ్యులు ఇంటి మొక్కలను తగ్గించాలని, పన్ను పెంచాలని ముసాయిదాలు తయారుచేయడం మొదలుపెట్టారు. ప్రజలు ఇచ్చినదానిని శాసనసభ వెనక్కు తీసుకోగలదన్న భయం లేకుండా మేము ఒక్క నెల కూడా లేము.

గోదావరి_గట్టు | 2024 నవంబర్ 10

లలిత గారి మాటకు మన వైపు నుంచి ఒక ఉదాహరణ ఉంది. దూబగుంట మహిళలతో నెల్లూరు జిల్లాలో రాజుకున్న సారా వ్యతిరేక ఉద్యమం వల్ల 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించారు. 1997లో అదే శాసనసభ ఖజానా పేరు చెప్పి నిషేధాన్ని సడలించింది. పోరాడిన ఆడవాళ్లను మళ్లీ ఎవరూ అడగలేదు, అడిగే ఏర్పాటు మన రాజ్యాంగంలో లేదు. అందుకే శాసనసభ చేయి తగలని చోట వ్రాయించుకోవాలని ఫ్లోరిడావారు కోరుకోవడం నాకు అర్థమవుతుంది, ఆ వ్రాత కంపెనీది కావడమే నచ్చదు.

రాజ్యాంగ_పాఠకుడు | 2024 నవంబర్ 11

శాసనసభ చేయి రాజ్యాంగంలో ఉన్నదానిని కూడా తాకగలదు, గట్టు గారూ. 2016లో 71 శాతంతో గెలిచిన ఫ్లోరిడా వైద్య గంజాయి సవరణను అమలు చేస్తూ, 2017లో శాసనసభ పొగ రూపంలో వాడకాన్ని నిషేధించింది. 2018లో న్యాయస్థానం అది రాజ్యాంగ విరుద్ధమన్నది, చివరకు 2019లో ఆ నిషేధాన్ని ఎత్తివేసే చట్టం మీద సంతకం పెట్టినది, నేడు గంజాయి వాసన గురించి అందరినీ హెచ్చరిస్తున్న ఈ డిశాంటిస్ గారే.

దక్షిణ డకోటా కథ ఇంకా విచిత్రమైనది. 1898లో దేశంలో మొట్టమొదట ప్రజలకు చట్టాలను ప్రతిపాదించే హక్కు ఇచ్చిన రాష్ట్రమది. 2020లో అక్కడి ఓటర్లు 54 శాతంతో గంజాయి సవరణను గెలిపించారు. గవర్నరు క్రిస్టీ నోమ్ మద్దతుతో దావా వేశారు, ఒకే ప్రతిపాదనలో ఒకటికి మించిన అంశాలు ఉన్నాయని చెప్పి రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో దానిని కొట్టివేసింది. మళ్లీ 2022లో అడిగితే ఓటర్లు వద్దన్నారు, ఈ మంగళవారం మూడవసారి కూడా వద్దన్నారు. గెలిచినప్పుడు దక్కలేదు, దక్కే అవకాశం వచ్చేసరికి గెలవలేదు.

ఈ "ఒకే అంశం" నియమం ఫ్లోరిడాలో కూడా ఉంది. ఇక్కడి సుప్రీంకోర్టు 2021లో ఒక గంజాయి ప్రతిపాదనను, కేంద్ర చట్టం గురించి ఓటరును తప్పుదోవ పట్టిస్తున్నదని 5–2తో బ్యాలెట్ నుంచి తొలగించింది. ఈ ఏప్రిల్ 1న ప్రస్తుత ప్రతిపాదనను 5–2తోనే అనుమతించింది. భిన్నాభిప్రాయం వ్రాసిన ఇద్దరిలో న్యాయమూర్తి ఫ్రాన్సిస్ వాదన చదవదగినది: గంజాయి దగ్గర ఉంచుకోవడాన్ని నేరం కాకుండా చేయడం ఒక అంశం, దాని వ్యాపారాన్ని అనుమతించడం వేరొక అంశం, రెండింటినీ ఒకే ప్రశ్నగా ఓటరు ముందు పెట్టరాదు అన్నారామె.

పద్మజ_ఒర్లాండో | 2024 నవంబర్ 11

ఆ న్యాయమూర్తి చెప్పినదే నా బాధ కూడా. నా ఓటు వ్యతిరేకంగా ఎందుకు పడిందో ఇప్పుడు సూటిగా చెప్పగలను. జేబులో చిన్న పొట్లం ఉన్నందుకు ఇరవై రెండేళ్ల పిల్లవాడిని జైలుకు పంపరాదని వేణు గారు అంటే నేను వెంటనే ఒప్పుకుంటాను. ఆ పిల్లవాడికి గాఢమైన సరుకును ప్రకటనలు ఇచ్చి అమ్ముకునే హక్కు కంపెనీకి ఉండాలంటే నేను ఒప్పుకోను. ఈ రెండు ప్రశ్నలకు నా జవాబులు వేరు, బ్యాలెట్ మీద ఉన్న గడి ఒక్కటే. 55.9 శాతంలో ఎందరు అరెస్టులకు వ్యతిరేకంగా, ఎందరు దుకాణాలకు అనుకూలంగా ఓటు వేశారో ఆ అంకె చెప్పదు. నాలాగా వద్దన్నవారిలో కూడా ఎందరు శిక్షలను సమర్థించారో చెప్పదు.

డెన్వర్_వాసి | 2024 నవంబర్ 11

పద్మజ గారూ, దుకాణం లేకుండా శిక్ష మాత్రం తీసివేస్తే ఏమవుతుందో చూడాలంటే దేశ రాజధాని వాషింగ్టన్ నగరాన్ని చూడండి. 2014లో అక్కడి ఓటర్లు దాదాపు 70 శాతంతో 71వ ప్రతిపాదనను గెలిపించారు. రెండు ఔన్సులు దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో మొక్కలు పెంచుకోవచ్చు, తోటివారికి ఊరికే ఇవ్వవచ్చు, అమ్మకం మాత్రం కుదరదు. అమ్మకాలకు నిబంధనలు చేయడానికి నగరపాలక సభ సిద్ధపడితే, అందుకు నిధులు వాడరాదని కాంగ్రెస్ ఏటా బడ్జెట్టులో షరతు పెట్టి అడ్డుకుంటున్నది. ఫలితంగా ఒక స్టిక్కరో, టీషర్టో ఎక్కువ ధరకు అమ్మి గంజాయిని "కానుకగా" ఇచ్చే దుకాణాలు వీధికొకటి వెలిశాయి. అక్కడ చాలా ఏళ్లు పరీక్షలు లేవు, లేబుళ్లు లేవు. పది మిల్లీగ్రాముల పరిమితిని ఎవరి మీద పెడతారు? మీరు భయపడే గాఢమైన సరుకును అదుపు చేయాలంటే లైసెన్సు ఉన్న దుకాణం ఒకటి ఉండాలి కదా.

పద్మజ_ఒర్లాండో | 2024 నవంబర్ 11

ఆ వాదన బలమైనదే. కాని లైసెన్సు దుకాణాలు వచ్చినంత మాత్రాన దొంగ సరుకు పోలేదని కాలిఫోర్నియా చూపిస్తున్నది. 2016లో 57 శాతంతో అక్కడ గెలిచాక పన్ను మీద పన్ను వేశారు, చాలా ఊళ్లు దుకాణాలు వద్దన్నాయి, లైసెన్సు లేనివారి ధర తక్కువ కావడంతో జనం వారి దగ్గరే కొంటున్నారు. చివరకు 2022లో సాగు మీద వేసిన పన్నును ఎత్తివేయవలసి వచ్చింది. రెండు మార్గాలలోనూ ప్రమాదం ఉన్నప్పుడు, వెనక్కు తీసుకోగలిగిన మార్గాన్ని ముందు ప్రయత్నించాలని నేనంటాను.

కొత్త_విద్యార్థి | 2024 నవంబర్ 11

నమస్కారం. నేను మిషిగన్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను, ఎఫ్‌-1 వీసా. ఇక్కడ 2018లోనే ఓటు ద్వారా చట్టబద్ధమైంది, మా వీధి చివరే దుకాణం ఉంది, 21 ఏళ్లు దాటిన గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. నా గదిలో ఉండేవారు కొంటారు. చట్టబద్ధమే కాబట్టి నాకు ఇబ్బంది ఉండదనుకోవచ్చా?

వీసా_విషయాలు | 2024 నవంబర్ 11

అనుకోవద్దు నాయనా. మనవారు అందరూ తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇది. రాష్ట్ర ఓటర్లు మార్చగలిగేది రాష్ట్ర చట్టాన్నే. మత్తుపదార్థాల మీద 1970లో వచ్చిన కేంద్ర చట్టంలో గంజాయి నేటికీ హెరాయిన్‌తో పాటు అన్నిటికంటె కఠినమైన మొదటి జాబితాలోనే ఉంది. దానిని మూడవ జాబితాకు మార్చాలని న్యాయశాఖ ఈ మే నెలలో ప్రతిపాదించింది కాని, ఆ ప్రక్రియ పూర్తి కాలేదు, అయినా మూడవ జాబితా అంటే నిషేధం తొలగినట్టు కాదు. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం అన్నీ కేంద్ర చట్టం కిందే నడుస్తాయి.

దీనివల్ల జరిగేది ఏమిటంటే, కేసు లేకపోయినా, అరెస్టు కాకపోయినా, వీసా అధికారి ముందో విమానాశ్రయంలోని అధికారి ముందో "వాడాను" అని ఒప్పుకోవడమే దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. ఫోనులో ఉన్న ఫొటోలు, సందేశాలు ఆ ప్రశ్నకు దారి తీయవచ్చు. శిక్ష పడితే దేశం నుంచి పంపివేసే అవకాశం ఉంది. సొంత వాడకానికి 30 గ్రాముల లోపు ఒకే ఒక్కసారి అన్న చిన్న మినహాయింపు చట్టంలో ఉన్నా, అది తిరిగి ప్రవేశించేటప్పుడు కాపాడదు. పౌరసత్వ దరఖాస్తుల విషయంలో 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ శాఖ స్పష్టంగా చెప్పింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పని సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చు. వాడకమే కాదు, లైసెన్సు ఉన్న గంజాయి సంస్థలో ఉద్యోగం కూడా అందులోకి రావచ్చు. కాబట్టి అలాంటి సంస్థ నుంచి ఉద్యోగం వస్తే, చేరే ముందు వలస న్యాయవాదిని సంప్రదించండి.

ఇంకొకటి. సెలవులకు హైదరాబాదు వెళ్లేటప్పుడు సంచిలో మిగిలిపోయిన గమ్మీ డబ్బా కూడా చిక్కే. మత్తుపదార్థాల మీద మన దేశంలో ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టానికి మిషిగన్ ఓటర్లతో సంబంధం లేదు, గమ్మీలోని టీహెచ్‌సీ ఆ చట్టం కింద నిషిద్ధ పదార్థం.

కొత్త_విద్యార్థి | 2024 నవంబర్ 11

ధన్యవాదాలు అండీ. మా గదిలోవారికి కూడా ఇది చూపిస్తాను.

నర్సీపట్నం_నుంచి | 2024 నవంబర్ 12

పెద్దలు క్షమించాలి, నేను అమెరికా చూడలేదు. చింతపల్లి, పాడేరు వైపు కొండల్లో పోలీసులు 2021, 22లలో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించినప్పుడు ఇక్కడే ఉన్నాను. మొక్క పెంచిన గిరిజనుడు, మోసిన కూలీ జైలుకు పోయారు, పెట్టుబడి పెట్టిన బయటి వ్యాపారి చాలాసార్లు దొరకలేదు. మీ దగ్గర చట్టబద్ధం చేశాక ఆ వ్యాపారి బోర్డు పెట్టుకుని కూర్చుంటాడు, మరి అంతకు ముందు జైలుకు పోయినవాడి సంగతి ఏమవుతుంది? ఓటులో అది ఉంటుందా?

నిర్వాహకుడు | 2024 నవంబర్ 12

ఏజెన్సీ ప్రాంతపు సమస్యకు విడిగా ఒక చర్చ తెరుస్తాను. నర్సీపట్నం మిత్రులు అడిగిన చివరి ప్రశ్న మాత్రం ఈ అంశానికి చెందినదే కనుక, తెలిసినవారు జవాబు ఇవ్వగలరు.

డెన్వర్_వాసి | 2024 నవంబర్ 12

ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉంది. 2012లో మా సవరణలో పాత శిక్షల ఊసే లేదు. రద్దులు, క్షమాభిక్షలు ఏళ్ల తరువాత వేరుగా వచ్చాయి. కాలిఫోర్నియా ప్రతిపాదనలో పాత శిక్షలను తగ్గించమని, రద్దు చేయమని కోర్టును అడిగే హక్కు ఉంది. మిస్సోరీలో 2022లో గెలిచిన సవరణ ఒక అడుగు ముందుకు వేసి, చాలా పాత కేసులను ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే కోర్టులే రికార్డుల నుంచి తొలగించాలని ఆదేశించింది.

టాంపా_వేణు | 2024 నవంబర్ 12

ఫ్లోరిడా సవరణలో ఆ అంశం ఒక్క ముక్క కూడా లేదు. అరెస్టుల గురించి ఓటు వేశానని నేను మొదట వ్రాశాను, అరెస్టయినవారి గురించి ఆ కాగితంలో ఏమీ లేదన్నది నిజమే. చేరిస్తే "ఒకే అంశం" నియమం కింద కోర్టు కొట్టివేస్తుందని భయపడి వదిలివేశారని ప్రచారకులు అంటారు. అదే భయం వ్యాపారం విషయంలో వారికి ఎందుకు కలగలేదని పద్మజ గారు అడుగుతారని తెలుసు.

ఇక ముందు ఏమిటి? 2026లో మళ్లీ బ్యాలెట్ మీదకు రావాలంటే ఎంత పని ఉంది?

రాజ్యాంగ_పాఠకుడు | 2024 నవంబర్ 12

పాత సంతకాలు పనికిరావు. మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈ ఎన్నికలలో అధ్యక్ష పదవికి రాష్ట్రంలో పోలైన ఓట్లలో ఎనిమిది శాతం, అంటే దాదాపు ఎనిమిదిన్నర లక్షలకు పైగా చెల్లే సంతకాలను 2026 ఫిబ్రవరి 1లోగా ధ్రువీకరింపజేయాలి. సేకరించేవారికి సంతకానికి ఇంత అని డబ్బు ఇవ్వకూడదని 2019లో చట్టం చేశారు కనుక, గంటల లెక్కన కూలి ఇవ్వాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ పైన సుప్రీంకోర్టు ముసాయిదాను మళ్లీ చూస్తుంది.

2014 నుంచి 2016కు మధ్య వైద్య గంజాయి ప్రతిపాదన ఎలా మారిందో అలా మారితే, లోటుగా ఉన్న ఆ నాలుగు శాతం దొరకవచ్చు. బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగరాదని సవరణలోనే స్పష్టంగా వ్రాస్తే గవర్నరు ప్రచారంలో సగం బలం పోతుంది.

పద్మజ_ఒర్లాండో | 2024 నవంబర్ 12

గాఢత మీద పరిమితి, పిల్లలను ఆకర్షించే ప్రకటనల మీద నిషేధం, డెన్వర్ వాసి గారు చెప్పినట్టు ఊళ్లకు వద్దనే హక్కు కూడా ఉంటే నేను ఆలోచిస్తాను. అన్నిటికంటె మేలైనది, శిక్షల తొలగింపును ఒక ప్రతిపాదనగా, అమ్మకాలను మరొక ప్రతిపాదనగా విడదీయడం. మొదటిదానికి నా సంతకం ఇప్పుడే పెడతాను.

రాజ్యాంగ_పాఠకుడు | 2024 నవంబర్ 12

విడదీస్తే సంతకాలు కూడా రెండింతలు కావాలి. అమ్మకాల ప్రతిపాదనకు డబ్బు పెట్టడానికి కంపెనీలు ఉన్నాయి. కేవలం శిక్షలను తొలగించే ప్రతిపాదనకు అన్ని లక్షల సంతకాలు చేయించే దాతలు ఈ రాష్ట్రంలో ఇంతవరకు ముందుకు రాలేదు.